ఒకే మట్టంలో తొమ్మిది కుర్చీలు

అమావాస్యకు ముందు

సముద్రం నీళ్ళు పెరుగుతున్నాయని చెప్పే బొమ్మ ఏదైనా కట్టాలనగానే ఎవరికైనా ముందు తట్టేది గోడ మీద నీలి గీత. నాకూ అదే తట్టింది, కొన్నాళ్ళు దాని స్కెచ్చులే గీశాను కూడా. కానీ గోడ మీద మీటరు ఎత్తున గీత కనబడితే జనం చేసే పని ఒకటే. పక్కన నిలబడి నడుముతో పోల్చుకుంటారు, ‘ఇంతేనా’ అనుకుని వెళ్ళిపోతారు. నిలబెట్టి చూస్తే మీటరు చిన్నదే మరి. వాలు తక్కువున్న నేల మీద ఆ మీటరు ఎంత దూరం పాకుతుందో గోడ చెప్పలేదు. నాకు కావలసింది ఆ దూరం.

అందుకే కుర్చీలు. నీళ్ళలోంచి మొదలై, ఒడ్డు దాటి, వెనకున్న గడ్డినేలలోకి ఒకే వరుసగా తొమ్మిది. అన్నిటి సీట్లూ ఒకే మట్టంలో ఉంటాయి. నీళ్ళ వైపు నుంచి లెక్కపెడితే ఐదోది మామూలు కుర్చీ. దాని కాళ్ళు ఈ కాలపు అతి పెద్ద పోటు వచ్చి ఆగే చోట ఆనుతాయి. అక్కణ్ణించి నీళ్ళవైపు నేల దిగుతుంది కాబట్టి ఆ నాలుగింటికీ కాళ్ళు పొడుగవుతూ పోతాయి. లోపలివైపు నేల లేస్తుంది కాబట్టి కుర్చీలు మట్టిలోకి కూరుకుపోతాయి. ఏడోదాని సీటు నేలకు సమంగా ఉంటుంది. తొమ్మిదోదానికి వీపు పలక పై అంచు ఒక్కటే గడ్డిలోంచి బయటికి కనబడుతుంది.

సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు, వీపు పలక పై అంచు సరిగ్గా మీటరు. ఇవి కుర్చీ కొలతలే అయినా, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందమైన ఐపీసీసీ లెక్కలకు అతికినట్టు సరిపోయాయి. 2021 నాటి ఆరో నివేదిక ప్రకారం, 1995–2014 సగటుతో పోలిస్తే 2100 నాటికి ప్రపంచ సముద్రమట్టం, ఉద్గారాలను గట్టిగా తగ్గించుకుంటే 28 నుంచి 55 సెంటీమీటర్లు, అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే 63 నుంచి 101 సెంటీమీటర్లు పెరిగే అవకాశం ఉంది. సీటు మొదటి లెక్కలో పడుతుంది, వీపు పలక అంచు రెండోదాని చివరన. ఆ సగటు కాలం నుంచి ఇప్పటికే కొన్ని సెంటీమీటర్లు పెరిగిపోయింది నిజమే, కుర్చీ అంత సూక్ష్మంగా కొలిచే వస్తువు కాదు. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే 7 మీటర్ల పైచిలుకు లేస్తుందని, ఆ ఎత్తులో ఏదైనా కట్టమని ఒక మిత్రుడి సలహా. అది శతాబ్దాల, వేల ఏళ్ళ మాట. అంత ఎత్తున కడితే జనం ఫొటోలు దిగుతారు, తమ నేలతో కలిపి చూసుకోరు.

దూరాన్ని చూపించడంలో నాకు దారి చూపింది అమెరికన్ కళాకారిణి ఈవ్ మోషర్. 2007లో ఆవిడ న్యూయార్క్‌లో, ఆటస్థలాల్లో తెల్లగీతలు వేసే తోపుడు యంత్రం పట్టుకుని, సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తున్న రేఖ వెంట బ్రూక్లిన్, లోయర్ మన్‌హట్టన్ వీధుల్లో 70 మైళ్ళ దాకా గీత గీసుకుంటూ నడిచింది. ‘ఏం చేస్తున్నారు’ అని అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం కూడా ఆ పనిలో భాగమే. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు నీళ్ళు చాలాచోట్ల ఆ గీత దరిదాపుల దాకా వచ్చాయి.

అమావాస్య దాటాక

పెద్ద పోటు సరిగ్గా అమావాస్యనాడు రాదు. సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. దానికోసం కాచుకుని కూర్చున్నాం.

పోటు పట్టికలో అంకె చూసి గుంజ పాతేయొచ్చు కదా అంటారు. పట్టికలో ఎత్తులు చార్ట్ డేటమ్ నుంచి లెక్క, అంటే ఆ తీరంలో నీళ్ళు ఇంచుమించు ఇంతకంటే కిందికి దిగవు అనుకున్న మట్టం నుంచి. నేల సర్వే వాళ్ళ ఎత్తులు ఇంకో సున్నా నుంచి. ఈ రెండు సున్నాలనూ కలపకుండా పని మొదలుపెడితే తొమ్మిది కుర్చీలూ తప్పుడు ఎత్తులో నిలబడతాయి. మాకు దగ్గరి దారి, నీళ్ళనే అడగడం.

అలలు ఉండగా నీటిమట్టం చూడటం కష్టం. అడుగున మూత బిగించి, ఆ మూతకు సన్నటి బెజ్జం పెట్టిన పీవీసీ పైపును గుంజకు కట్టి నిలబెట్టాం. బయట అల ఎంత కొట్టినా బెజ్జం సన్నం కాబట్టి లోపలి నీరు తొందరగా కదలదు. సగటు మట్టం మాత్రం మెల్లగా లేస్తూ పోతుంది. పైపులో వేసిన థర్మోకోల్ ముక్కకు సన్నటి పుల్ల గుచ్చి, పైకి వచ్చిన పుల్ల మీద గుర్తులు పెట్టుకుంటూ పోయాం. పుల్ల లేవడం ఆగి కాసేపు కదలకుండా ఉండి, మళ్ళీ దిగడం మొదలయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.

పట్టిక చెప్పినదానికంటే నీళ్ళు ఒక అరచెయ్యి వెడల్పు ఎక్కువే లేచాయి. వాతావరణ పీడనం చూస్తే మామూలుకంటే 9 హెక్టోపాస్కల్స్ తక్కువగా ఉంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, లెక్క సరిపోయింది. దాన్ని తీసేశాం. తరవాత ఆ రోజు పట్టికలో ఉన్న పోటు ఎత్తుకూ, అత్యధిక ఖగోళ పోటు (గాలి, పీడనం ప్రమేయం లేకుండా సూర్యచంద్రుల లాగుడుకే రాగల అతి పెద్ద పోటు) ఎత్తుకూ ఉన్న తేడాను మా గుర్తుకు కలిపాం. చంద్రుడి కక్ష్య వంపు 18.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది, పోటు లెక్కలు కట్టేవాళ్ళు ఆ చుట్టు మొత్తం చూసి ఆ అత్యధికాన్ని తేలుస్తారు. అలా ఐదో కుర్చీకి చోటు కుదిరింది. అక్కడ ఎర్ర గుడ్డ కట్టిన మేకు ఒకటి దిగ్గొట్టాం. ఇక అన్ని కొలతలూ దాని నుంచే.

అష్టమి

అష్టమికి పోట్లు చిన్నవి. నీళ్ళు దూరంగా ఉంటాయి, ఒడ్డున నిలబడి కొలుచుకోవడానికి ఇదే వీలు.

లేజర్ లెవెల్ అద్దెకు దొరుకుతుంది కానీ ఎండలో ఆ చుక్క కనబడి చావదు. మేస్త్రి గారు తెల్ల లెవెల్ పైపు తెచ్చారు, రెండు చివరల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలిచేది. రంగు కలిపిన నీళ్ళు పోసి, గాలి బుడగలు పోయేదాకా పైపును గోటితో కొడుతూ సాగదీశాం. ఒక్క బుడగ మిగిలినా మట్టం అబద్ధం చెబుతుంది.

కొలతలు తీస్తుంటే ఒకచోట తేడా వచ్చింది. వెళ్ళేటప్పుడు చూసిన మట్టానికీ, తిరిగొచ్చి చూసిన మట్టానికీ 3 మిల్లీమీటర్లు. బుడగల్లేవు, పైపు ఎక్కడా నొక్కుకోలేదు. మేస్త్రి గారు రెండు చివరలూ తడిమి చూసి, “ఇటు పక్క చూడండి, నీళ్ళు కాగుతున్నాయి” అన్నారు. ఒక చివర గుంజ నీడలో ఉంది, రెండోది అప్పటిదాకా ఎర్రటి ఎండలో నిలబడి ఉంది. 25 డిగ్రీల నీళ్ళు 35కి వేడెక్కితే సాంద్రత వెయ్యికి మూడు వంతులు తగ్గుతుంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి కాబట్టి మీటరు నిలువు పైపులో వేడి వైపు నీరు 3 మిల్లీమీటర్లు పైకి నిలుస్తుంది. తడిగుడ్డ చుట్టి నీడకు తెచ్చాక తేడా పోయింది.

కుర్చీల పనికి 3 మిల్లీమీటర్లు లెక్కలోకే రావు. నేను మాత్రం ఆ పైపు వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. సముద్రం లేస్తోందంటే మంచు కరిగే అనుకుంటాం. 1971 నుంచి 2018 దాకా పెరిగిన మట్టంలో సగం నీళ్ళు వేడెక్కి ఇలా ఉబ్బడం వల్లే వచ్చిందని ఐపీసీసీ లెక్క. కొత్తగా ఒక్క చుక్క కలవకుండానే. 2006–2018 మధ్య సముద్రం ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్లు లేచింది. నా చేతిలో పైపు ఒక పూట ఎండకు దాదాపు అంత చూపించింది.

ఇక దూరాలు. ఐదో కుర్చీ నుంచి ఏడోదాకా ఇసుక వాలు 15కి 1. అంటే 45 సెంటీమీటర్లు ఎక్కడానికి 7 మీటర్లు నడవాలి. ఆ తరవాత గడ్డినేల. చూపుకు బల్లపరుపుగా ఉంటుంది, కొలిస్తే 80కి 1. మిగిలిన 55 సెంటీమీటర్లు ఎక్కడానికి 44 మీటర్లు పట్టింది. ఆరోది మూడున్నర మీటర్ల దగ్గర, ఏడోది ఏడు దగ్గర, ఎనిమిదోది 29 దగ్గర, తొమ్మిదోది 51 దగ్గర. కాగితం మీద ఎత్తుల మధ్య తేడాలు దాదాపు సమానంగానే వేసుకున్నాను. నేల మీదికి వచ్చేసరికి మొదటి కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి, చివరివి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని కేకేసి పిలవాల్సినంత ఎడంగా ఉన్నాయి. వాటిని సమదూరంలో సర్దితే ఫొటోకు బాగుంటుందని ఒకరన్నారు. సర్దితే ఇక చెప్పేదేముంది?

నేల కదలకుండా ఉంటే, నీళ్ళు తొట్టిలో నిండినట్టు నిండితే వచ్చే లెక్క ఇది. నిజంగా ఒడ్డు అలా ఊరుకోదు, అలలకు కోసుకుపోతుంది, ఇసుక జరుగుతుంది. మట్టం లేస్తే ఒడ్డు అంతకు యాభై వంద రెట్లు వెనక్కి జరగొచ్చన్న బ్రూన్ సూత్రం 1962 నుంచి ఉంది, దాన్ని అన్ని తీరాలకూ వాడటం తప్పని గట్టిగా వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ తగువు కుర్చీలు తీర్చలేవు.

అనుమతి

పోటుకూ పాటుకూ మధ్య ఉన్న నేల చాలా దేశాల్లో ప్రజలది, అంటే ప్రభుత్వం చూసుకునేది. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగింది. పడవల దారికి అడ్డమా, పక్షులు, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమా, ఎప్పుడు తీసేస్తారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. తీసేసే పద్ధతి ముందే రాసివ్వమన్నారు. నిజం చెప్పాలంటే డిజైన్‌కు ఈ ఒక్క షరతు చేసిన మేలు ఏ సలహా చేయలేదు. దీంతో కాంక్రీటు పునాది ఆలోచన పూర్తిగా పక్కకు పోయింది.

మళ్ళీ అమావాస్య వైపు

చెక్క పని. ప్రపంచంలో కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7–8 శాతం సిమెంటుదే. నీళ్ళు పెరుగుతున్నాయని చెప్పడానికి సిమెంటు పోయడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ ప్రశ్న పెద్ద పెద్దవాళ్ళకూ తప్పలేదు. కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి 2015లో పారిస్ వాతావరణ సదస్సు వేళ అక్కడి పాంథియోన్ స్మారక భవనం ముందు 12 గ్రీన్‌లాండ్ మంచుగడ్డలను వలయంగా పెట్టి కరగనిచ్చారు. జనం వాటిని తాకారు, చెవి పెట్టి బుడగల చప్పుడు విన్నారు. అంత మంచును అంత దూరం తేవడానికి ఎంత కార్బన్ అన్న ప్రశ్న రానే వచ్చింది. వాళ్ళు లెక్క కట్టించి బయటపెట్టారు. అది నాకు నచ్చింది.

మావి కూల్చిన ఇళ్ళ ద్వారబంధాల టేకు. నీళ్ళలో నిలిచే నాలుగింటి కాళ్ళు మాత్రం గుండ్రటి సరుగుడు గుంజలు. ఉప్పునీటిలో చెక్కకు అసలు శత్రువు టెరిడో. పురుగులా కనబడుతుంది కానీ ఆల్చిప్ప జాతి జీవి. బయటికి చిన్న బెజ్జమే ఉంటుంది, లోపలంతా తొలిచేస్తుంది. రాగి మందు పూసిన చెక్క వాడితే దూరంగా ఉంటుంది, ఆ మందు నీళ్ళలోకి దిగుతుంది. వద్దనుకున్నాం. ఈ కుర్చీలు పదేళ్ళు నిలవాలని ఎవరూ అడగలేదు.

బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీలు. 304 చవక, చూపుకు అచ్చం ఒకటే, కానీ ఉప్పు తగిలితే దానికి చిన్న చిన్న గుంటలు పడి లోపలికి తింటుంది. 316లో ఉండే మాలిబ్డినం ఆ గుంటలను చాలావరకు ఆపుతుంది. ఇనుము ఎక్కువగా తినేది ఎప్పుడూ మునిగి ఉండే చోట కాదు, తడుస్తూ ఆరుతూ ఉండే చోట. నీళ్ళవైపు కుర్చీలు ఉన్నది అక్కడే.

మేస్త్రి గారికి పెద్ద అనుమానం తేలిపోతాయేమోనని. “కుర్చీని గాలి పడగొడుతుందంటే నమ్ముతాను, నీళ్ళు పైకి పీకుతాయంటే చూడాలండీ” అన్నారు. లెక్క వేశాం. ఒక్కో కుర్చీలో ముప్పై లీటర్ల చెక్క ఉంటుంది. మొత్తం మునిగితే పైకి లాగే బలం సుమారు 11 కిలోలు. అది పెద్ద సమస్య కాదు. సీటు కింద నుంచి అల కొట్టే దెబ్బే సమస్య. అందుకని సీటును ఒకే పలకగా కాకుండా సన్నటి పలకలుగా, మధ్య సందులతో చేశాం. కాళ్ళు ఇసుకలోకి 60 సెంటీమీటర్లు దిగాయి. ప్రవాహంలో గుంజ పాతితే దాని చుట్టూ నీళ్ళు సుడి తిరిగి ఇసుకను తవ్వేస్తాయి. నిలకడైన ప్రవాహంలో గుండ్రటి గుంజకు ఆ గుంట లోతు సగటున వ్యాసానికి 1.3 రెట్లు ఉంటుంది. మావి 8 సెంటీమీటర్ల గుంజలు, కాబట్టి పది సెంటీమీటర్లు పోయినట్టే లెక్క. చుట్టూ గులకరాళ్ళు పేర్చాం.

పౌర్ణమి

ఈ రోజు గురించి వివరంగా రాసుకోవాలి.

నీళ్ళలో పాతే కుర్చీలతో కష్టం ఉంటుందని, గడ్డినేలలో పాతేవి సులువని అనుకుంటూ వచ్చాం. ఏడో కుర్చీకి, అంటే సీటు నేలకు సమంగా ఉండాల్సినదానికి, గొయ్యి తవ్వడం పొద్దున్నే మొదలుపెట్టాం. పైన గడ్డి వేళ్ళు, దాని కింద పొడి ఇసుక, కాస్త దిగాక ముదురు రంగు చల్లటి ఇసుక. గొయ్యి గోడలు నిలబడటం మానేశాయి, ఎంత తీస్తే అంత జారుతోంది. చివరికి అడుగున నీళ్ళు కనబడ్డాయి, పాదం మునిగేంత.

పోటు ఇంకా ఎక్కుతోంది. ఒడ్డున అల మాకు చాలా దూరంలో ఉంది. గొయ్యిలో మాత్రం నీళ్ళు మెల్లగా లేస్తున్నాయి. గోడ నుంచి కారడం లేదు, ఎక్కడా ధార లేదు. అడుగున ఇసుక రేణువులు చిన్న చిన్నగా ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి, అంతే. గొయ్యి గోడకు పుల్ల గుచ్చాను. కాసేపటికి పుల్ల మునిగింది. ఇంకోటి గుచ్చాను. ఒడ్డున పోటు తిరిగి నీళ్ళు వెనక్కి పోవడం మొదలైన తరవాత కూడా గొయ్యిలో లేస్తూనే ఉన్నాయి, కబురు ఆలస్యంగా అందినట్టు. నాలుక మీద వేసుకుంటే ఉప్పన, కానీ సముద్రమంత కాదు.

తీరం దగ్గర భూగర్భ జలం సముద్రం మీద ఆనుకుని ఉంటుంది. సముద్రం లేస్తే అదీ లేస్తుంది. ఇది చదివి తెలిసిన విషయమే. కట్ట కట్టి అలను ఆపినా కింద నుంచి ఎక్కే ఈ నీళ్ళను ఆ కట్ట ఆపదు. మయామీ లాంటి చోట్ల నేల కింద బెజ్జాల సున్నపురాయి ఉండటం వల్ల గోడలు కట్టడం అంత ఉపయోగం లేనిది ఇందుకే. నా కుర్చీల ఆలోచన మొత్తం నీళ్ళు ముందు నుంచి, వాలు ఎక్కుతూ వస్తాయన్నదాని మీద నడిచింది. ఈ గొయ్యి ఇంకో దారి చూపించింది.

అందుకని ప్లాన్‌లో ఒక్క మార్పు. ఏడో కుర్చీ చుట్టూ మట్టి పూడ్చకుండా, గొయ్యి గోడలు జారకుండా వెదురు తడిక కట్టి, అలాగే తెరిచి ఉంచుతున్నాం. పైన జాలీ వేశాం, పిల్లలు పడకుండా. సీటు పలకల సందుల్లోంచి కిందికి చూస్తే నీళ్ళు కనబడతాయి, పెద్ద పోటుకు పైకి, చిన్న పోటుకు కిందికి.

కుర్చీలు నిలిచాక

ఎక్కువమంది చేసేది ఐదో కుర్చీలో కూర్చోవడం. అక్కడ కూర్చుంటే ముందున్న నాలుగు సీట్లూ ఒకే గీతలో కనబడతాయి, పెద్ద పోటు ఆ గీత కింద ఎంత మిగిల్చిందో కనబడుతుంది. మంచిదే. కానీ నేను గమనించేది తొమ్మిదోదాన్ని. నడుచుకుంటూ వచ్చి గడ్డిలో చెక్క అంచు తగిలి ఆగుతారు. అదేంటో అర్థం కాదు. తల తిప్పి వెనక కుర్చీలను చూస్తారు. అప్పుడు ఒడ్డు నుంచి తాము ఎంత లోపలికి వచ్చేశారో లెక్కేసుకోవడం మొహంలో తెలుస్తుంది. ఒకాయన అడుగులతో కొలుచుకుంటూ వెనక్కి నడిచాడు. ఒక పెద్దావిడ మాత్రం, “ఎవరో కుర్చీ పాతిపెట్టారు, పాపం” అని తీసేయబోయింది.

రాత్రి కనబడేలా దీపాలు పెట్టమని చాలామంది అడిగారు. దీపాలతో చేసిన మంచి పని ఉంది. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో లాక్‌మాడీ దగ్గర ఫిన్లాండ్ కళాకారులు పెక్కా నీట్టివిర్టా, టిమో అహో 2018లో ఇళ్ళ గోడల మీదుగా తెల్లటి కాంతి గీతలు పరిచారు. సెన్సర్లు పోటును పట్టుకుని వాటిని వెలిగించేవి. అక్కడ అది అద్భుతంగా ఉండేది, నేల కూడా అంత చదునైనది. మా దగ్గర దీపం పెడితే జనం దీపాన్ని చూస్తారు, నేల వాలును చూడరు. గుడ్లు పెట్టే తాబేళ్ళకు వెలుగుతో ఇబ్బంది సరేసరి. వద్దన్నాను.

ఇంకొకరు అడిగిన ప్రశ్న బాగుంది. నేలే దిగిపోతే? దిగుతుంది, కొన్నిచోట్ల సముద్రం లేచేదానికంటే ఎన్నో రెట్ల వేగంతో. ఉత్తర జకార్తాలో భూగర్భ జలం తోడటం వల్ల జరిగింది అదే. నేల దిగితే కుర్చీలూ దాంతోపాటే దిగుతాయి. అక్కడ బతికేవాళ్ళకు సీటు దాకా నీళ్ళు రావడం ముఖ్యం, ఏది లేచింది, ఏది దిగింది అన్నది తరవాత.

తరవాతి అమావాస్యకు

మొదటి రెండు కుర్చీల కాళ్ళకు బార్నకిల్స్ పట్టాయి, రాళ్ళకూ గుంజలకూ అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు. ఒక ఎత్తు దాకా ఒత్తుగా, ఆ పైన ఒక్కటీ లేదు. నీళ్ళలో ఎంతసేపు ఉంటాయో దాన్నిబట్టి అవి ఆ గీత గీసుకున్నాయి, మా లెవెల్ పైపు అక్కర్లేకుండా. ఇంగ్లండ్‌లో క్రాస్బీ తీరాన శిల్పి ఆంటొనీ గోర్మ్లీ నిలబెట్టిన 100 పోత ఇనుప మనుషులకూ ఇలాగే పట్టాయి. వాటిని గీకించొద్దని మేస్త్రి గారికి చెప్పాను. ఆయనకు అది మురికి, తీస్తేనే గానీ నిద్ర పట్టదు. ఒక కాలు ఆయనకు వదిలేశాను, గీకినదానికీ గీకనిదానికీ తేడా చూడొచ్చు.

మూడోదాని చుట్టూ గులకరాళ్ళు సగం కూరుకుపోయాయి, ఇంకో వరుస వేయాలి. రెండోదాని సీటులో ఒక పలక ఊడి కొట్టుకుపోయింది. కొత్తది కోసి ఉంచాం. పలకల మధ్య సందు ఈసారి రెండు వేళ్ళ వెడల్పు పెడుతున్నాం, బోల్టు కింద వాషరు కూడా పెద్దది. గొయ్యిలో మట్టం రాసుకోవడానికి తడికకు పాత టేపు ముక్క బిగించాం, పెద్ద పోటు రోజుల్లో ఎవరో ఒకరు వెళ్ళి చదివి రావాలి.